పాస్తా మారు అడిగిన స్వామి

మనిషికి ఇరవై మూడేళ్ళప్పుడు ఉన్నంత తెలివి ఆ తర్వాత ఇంకెప్పుడూ ఉండదనుకుంటాను. ఆ రోజుల్లో నా దగ్గర అది బోలెడంత ఉండేది. ఎవరేం చెప్పబోయినా "నాకు తెలుసులే" అని సగంలోనే ఆపేసేదాన్ని. గుంటూరులో వంటల చదువు చదివాను. హైదరాబాదులో ఒక పెద్ద హోటల్లో ఏడాదిపాటు ఉద్యోగం వెలగబెట్టాను (ఉద్యోగమంటే ఉల్లిపాయలు తరగడం. ఏడాదంతా ఏడుస్తూనే ఉన్నాను. ఉల్లిపాయల వల్లేనని అమ్మకి ఫోన్లో చెప్పేదాన్ని). చివరికి ఒకరోజు బ్యాగు సర్దుకుని మార్టూరు పక్కనున్న మా ఊరికి వచ్చేశాను. "సెలవు పెట్టొచ్చావా?" అన్నాడు నాన్న. "లేదు, మానేశా. హైవే పక్కన పాస్తా కొట్టు పెడతా" అన్నాను. మా నాన్నకి పాస్తా అంటే ఏమిటో తెలియదు, కొట్టు అంటే తెలుసు. అందుకని తెలిసిన దాని గురించే మాట్లాడాడు. "కొట్టు మీ పెదనాన్నది. ఆయన ఇస్తానంటే నాకేం అడ్డం లేదు. ఇవ్వనంటే మాత్రం ఆదివారం బస్సెక్కి పోయి, ఆ హోటలోళ్ళని గడ్డం పట్టుకుని బతిమాలి మళ్ళీ చేరు" అన్నాడు. అనడమే కాదు, బస్సుకి టికెట్టు కూడా తీసేశాడు. మా నాన్నకి నా మీద నమ్మకం లేదని కాదు, పెదనాన్న మీద నమ్మకం ఎక్కువ.

ఆ కొట్టు సంగతి చెప్పాలి. గ్రానైటు రాళ్ళకి నునుపు పెట్టే షెడ్డుకీ, ఒక టీ బంకుకీ మధ్య పెదనాన్నకి షట్టరున్న గది ఒకటి ఉంది. అంతకుముందు అందులో పంక్చర్లు వేసే ఆయన ఉండేవాడు. ఎదురుగా రాత్రీ పగలూ కార్లు, వెనకాల రాళ్ళ పనికి ఎక్కడెక్కడినుంచో వచ్చిన కుర్రాళ్ళు, శని ఆదివారాలు వాడరేవు సముద్రానికి పోయే కుటుంబాలు. వీళ్ళందరికీ ఆకలేస్తుంది, నేను పాస్తా పెడతాను. నా వ్యాపార పథకమంతా ఇంతే. చిక్కల్లా ఏమిటంటే, దర్శి నుంచి వచ్చిన ఒక పురుగుమందుల వ్యాపారి అప్పటికే ఆ గది మీద కన్నేశాడు. పెదనాన్న ఆయనకి సగం మాట ఇచ్చాడు కూడా. మిర్చి, పత్తి వేసే ఊళ్ళో పురుగుమందుల కొట్టు నడవకపోవడమన్నది ఉండదు. పాస్తా కొట్టు నడవడమన్నది అప్పటికి ఎవరూ చూడలేదు.

మా పెదనాన్నని ఊళ్ళో 'మైకు' అంటారు. ఆయన చేలో నిలబడి కూలీలని కేకేస్తే ఇంట్లో పెద్దమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది, భోజనం వేళైందని. కోపమొస్తే ఆయన నోట్లోంచి వచ్చే మాటలు ఇక్కడ రాయలేను (పెద్దమ్మ చదువుతుంది). తిండి దగ్గర మాత్రం ఒకటే పట్టింపు. ఎన్ని కూరలు పెట్టినా చివర గడ్డపెరుగు పడకపోతే అది భోజనం కింద లెక్క కాదు. ఆయన కోసం పెద్దమ్మ విడిగా ఒక కంచు గిన్నెలో తోడు వేసి, విస్తరి పక్కనే పెట్టేది. అట్లాంటి పెదనాన్న ఆ ఏడు అయ్యప్ప మాల వేసుకున్నాడు. నల్లబట్టలు, నుదుటన విభూతి, చెప్పుల్లేని కాళ్ళు. అంతవరకు బాగానే ఉంది. తిట్టకూడదు, అరవకూడదు, అబద్ధమాడకూడదు, మగాళ్ళనందరినీ 'స్వామీ' అనాలి, ఆడాళ్ళనందరినీ 'మాతా' అనాలి. గేదె పాలతపేలా తన్నేసినప్పుడు ఆయన మొహం ఎర్రగా చేసుకుని, పళ్ళు బిగబట్టి, "ఏం మాతా, ఇదేమన్నా బాగుందా?" అని దాన్ని అడగడం నేను కళ్ళారా చూశాను.

ఎప్పుడూ 'నువ్వు' అని పిలిచే పెదనాన్నని దీక్షలో ఉన్నందుకు 'మీరు' అనాల్సొచ్చి, నాకు మాట మొదట్లోనే తడబడింది.

"స్వామీ, ఆ హైవే కొట్టు నాకివ్వండి" అన్నాను.

"దేనికి మాతా?"

"పాస్తా అమ్ముతా. అంటే గోధుమపిండి గొట్టాలు. ఉత్తగా కాదు, మనోళ్ళ నాలిక్కి పట్టేట్టు గోంగూర వేసి చేస్తా. మధ్యలో టోఫూ ముక్కలు. పావుగంటలో అయిపోతుంది స్వామీ!"

"టోఫూ ఏంది?"

"సోయాచిక్కుళ్ళ నుంచి పాలు తీసి, విరగ్గొట్టి చేస్తారు."

పెదనాన్న మొహం చిట్లించాడు. "ఇంట్లో పాలిరిగితే మీ పెద్దమ్మ ఆ పూటంతా ఎవురితో మాట్లాడదు. నువ్వు ఎవురో ఇరగ్గొట్టినయ్యి కొనుక్కొచ్చి అమ్ముతానంటన్నావు" అన్నాడు. తర్వాత గడ్డం గోక్కున్నాడు. "ఎల్లుండి మనింట్లో స్వాములకి భిక్ష పెడతన్నాం. మీ పెద్దమ్మ వంటతోబాటు నీ గొట్టాలు గూడా ఒక ఐటం ఆకులో పడనియ్యి. నేను మారు అడిగానా, కొట్టు నీది. అడగలేదా, మందుల స్వామిది. మాలలో ఉండి చెప్తన్నా, మాట తప్పేది లేదు."

(భిక్ష అంటే దీక్షలో ఉన్నవాళ్ళని పిలిచి పెట్టే మధ్యాహ్న భోజనం. మందుల స్వామి అంటే ఇంకెవరో కాదు, ఆ పురుగుమందుల వ్యాపారే. ఆయన కూడా అదే బృందంలో మాల వేసుకున్నాడు. నా పోటీదారుకి నేనే వండి, వంగి వడ్డించాలన్న మాట.)

మర్నాడు గుంటూరు పోయి, పెద్ద సూపర్ మార్కెట్లో టోఫూ దొరికినంత తెచ్చి పెద్దమ్మ ఫ్రిజ్జులో పెట్టాను. సాయంత్రం పెద్దమ్మ ఫ్రిజ్జు తలుపు తెరిచి, "ఎవురి గేదె ఈనిందే? ఇంత జున్ను ఎవురిచ్చారు?" అని సంబరపడిపోయింది. అప్పటికే బెల్లం దంచి, మిరియాలు పొడి చేసి పెట్టుకుంది. అది జున్ను కాదని నేను చెప్పేసరికి ఆమె మొహం చూడాలి. ఒక ముక్క వాసన చూసి, "వాసనే లేదు, దీనికి రుచేం ఉంటదే?" అంది. "రుచి మనం ఇవ్వాలి పెద్దమ్మా. నాకు తెలుసులే" అన్నాను. "నీకు తెలిస్తే మంచిదే. గానీ ఒక్క మాట. తలస్నానం చేసిగానీ పొయ్యి దగ్గరికి రాకూడదు. ఉల్లి, వెల్లుల్లి ముట్టకూడదు. ముఖ్యంగా రుచి చూడకూడదు. స్వాములకి పెట్టకముందే నువ్వు నోట్లో వేసుకుంటే ఎంగిలవుద్ది" అంది. ఉల్లి అక్కర్లేదనేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. మూడో షరతు గురించి నేను అసలు ఆలోచించనేలేదు. ఇరవై మూడేళ్ళ తెలివికి రుచి చూడాల్సిన అవసరమేముంటుంది?

భిక్ష రోజు తెల్లారేసరికి తలంటు పోసుకుని, తడిజుట్టు ముడేసి పొయ్యి దగ్గరికి చేరాను. నా పావుగంట వంట నీళ్ళు మరగడం దగ్గరే ఆగిపోయింది. ఊళ్ళోని స్వాములందరికీ సరిపడా గొట్టాలు ఉడకాలంటే పెళ్ళి గుండిగ పెట్టాల్సొచ్చింది. ఆ గుండిగలో నీళ్ళు తెర్లేలోగా పెద్దమ్మ పప్పు, పులుసు, రెండు వేపుళ్ళు, పాయసం దించి, పూజగదిలోకి కూడా పోయింది. ఎట్టకేలకు గొట్టాలు ఉడికాయి. టోఫూని ముక్కలు కోసి, ఉప్పొక్కటే చల్లి, రంగు మారకుండా నూనెలో పైపైన వేయించి పక్కన పెట్టాను. బాణలిలో ఆవాలు, ఇంగువ, కరివేపాకు, అల్లం, టమాటా, చివర్లో పుల్ల గోంగూర. ఘుమఘుమలాడిపోయింది. రంగే బాగా రాలేదు. గోంగూర అంతా కలిసి బురద రంగులోకి దిగింది. ఆ రంగు చూస్తే ఎవరైనా మారు కాదు గదా, మొదటిసారే వద్దంటారు. ఎర్రగా ఉండాలి. ఎర్రగా ఉండాలంటే కారం.

మిర్చి పండించే ఇళ్ళల్లో కారాలు రెండుంటాయి. పచ్చళ్ళకి రంగు కాయ కారం. చూడటానికి నిప్పు, తింటే ఏమీ ఉండదు. కూరలకి తేజ కారం. దాని సంగతి తెలిసినవాళ్ళు చెంచా మొనతో వేస్తారు. మా ఇంట్లో రంగు కారం స్టీలు డబ్బాలో, తేజ కారం గాజు సీసాలో ఉంటాయి. పెద్దమ్మ వంటింట్లో కూడా ఒక స్టీలు డబ్బా, ఒక గాజు సీసా కనిపించాయి. ఏది ఏదో అడుగుదామంటే పెద్దమ్మ పూజలో ఉంది. నాకు తెలుసులే అనుకున్నాను. డబ్బా తీసి, గరిటె నిండా వేశాను. రంగు బాగా తేలింది. ఇంకో గరిటె వేశాను. తుమ్ములొచ్చాయి, వస్తే ఏం? మిర్చి ఊళ్ళో తుమ్మొచ్చిందని అనుమానపడేదెవరు? మా ఇళ్ళల్లో పిల్లలు తుమ్ముతూనే మాటలు నేర్చుకుంటారు. ఎందుకైనా మంచిదని వేలు ముంచి నాలిక దాకా తెచ్చానోలేదో, పూజగదిలోంచి, "ఏవే, ఎంగిలి చెయ్యబాకు!" అని పెద్దమ్మ గొంతు వినిపించింది. ఆమెకి వెనక కూడా కళ్ళుంటాయి. వేలు కడిగేసుకున్నాను.

శరణుఘోష అయింది, హారతి అయింది, స్వాములంతా వరండాలో బారుగా కూర్చున్నారు. పెదనాన్న పక్కనే మందుల స్వామి. పెద్దమ్మ అన్నం, పప్పు వడ్డించి, పెదనాన్న ఆకు పక్కన కంచు గిన్నెలో గడ్డపెరుగు పెట్టి పోయింది. నేను ఎర్రగా నిగనిగలాడే పాస్తా వడ్డిస్తూ, పైన నాలుగేసి తెల్లముక్కలు పేరుస్తూ వచ్చాను. మందుల స్వామి ఆకు మీదికి వంగి చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మాతా, ఈ తెల్లగుండేది గుడ్డు కాదు గదా?"

బారులో చేతులన్నీ ఆకుల మీంచి లేచాయి. దీక్షలో ఉన్నవాళ్ళ ఆకులో గుడ్డు! సోయాచిక్కుళ్ళు, పాలు, విరగడం, అన్నీ తలకిందులుగా చెప్పబోయి నాలిక మడతపడింది. అప్పుడు పెదనాన్న, ఎంత తగ్గించినా మైకు మైకే కాబట్టి వీధి దాకా వినపడేట్టు, "గుడ్డూ గాదు, గాడిద గు...", అని సగంలో నాలిక్కరుచుకుని, "అంటే, కాదు స్వామీ. చిక్కుడుగింజల పాలు. మా ఇంట్లో, నా కళ్ళముందు ప్యాకెట్టు ఇప్పారు. శరణమని తినండి" అన్నాడు. అందరూ శరణమని మొదలుపెట్టారు.

మొదటి రెండు ముద్దలూ బాగానే దిగాయి. తర్వాత ఒక స్వామి నెమ్మదిగా నమలడం ఆపాడు. ఇంకో స్వామి ముక్కు ఎగబీల్చాడు. ఆ పక్కాయన కళ్ళు తుడుచుకున్నాడు. భక్తితోనేమో అనుకున్నాను. అప్పుడు మందుల స్వామి "అయ్యప్పా!" అని ఒక్క కేక పెట్టి లోటా ఎత్తాడు. ఆ కేకతో నాకు వెలిగింది. వంటింట్లోకి పరిగెత్తి స్టీలు డబ్బా మూత తీసి వాసన చూశాను. తేజ! పెద్దమ్మ ఇంట్లో అమరిక మా ఇంటికి సరిగ్గా తలకిందులు. రెండు గరిటెల తేజ కారం! ఓరి దేవుడా, హైదరాబాదు ఉల్లిపాయలు నా కళ్ళముందు కుప్పలుగా పోసినట్టు కనిపించాయి.

తిరిగి వచ్చేసరికి వరండాలో గోలగోలగా ఉంది. ఆకులో మెతుకు వదలకూడదని నియమం, తిట్టకూడదని నియమం. పాపం స్వాములు చెమటలు కక్కుతూ, "శరణం శరణం" అనుకుంటూ మింగుతున్నారు. పెద్దమ్మ పెరుగు బకెట్టు పట్టుకుని ఒకటే పరుగు. మందుల స్వామి ఆకులో పెరుగు పాయసంతో కలిసి ఏరులై పారుతోంది. పెదనాన్న మాత్రం తల దించుకుని, చెవులు మిరపపండు రంగులోకి తిరిగినా, ఒక్కో గొట్టం ఏరుకుంటూ తింటున్నాడు. నేను గరిటె పట్టుకుని ఆయన ఎదురుగా నిలబడ్డాను. అడగరు. ఎందుకడుగుతారు? ఆదివారం బస్సు, నా సీటు, కిటికీ పక్కన, అన్నీ ఖాయమైపోయాయి. ఏడుపొచ్చేసింది (ఈసారి ఉల్లిపాయల పేరు చెప్పుకునే వీలు కూడా లేదు).

పెదనాన్న ఆఖరి గొట్టం మింగి, కండువాతో కళ్ళూ ముక్కూ తుడుచుకుని, తలెత్తాడు. గొంతు రాలేదు. మైకు మూగబోవడం మా ఊళ్ళో అదే మొదలు. నీళ్ళు తాగి, గొంతు సవరించుకుని, "మాతా... ఇంకాస్త మారు వెయ్యి. ఆ తెల్లముక్కలు ఎక్కువ పడేట్టు చూడు" అన్నాడు.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత బుర్ర పాదరసంలా పనిచేసింది. మంట చల్లారడానికి చప్పటి టోఫూ ముక్కలు కావాలి ఈయనకి! కావాలని అడిగినా, మంటకి తట్టుకోలేక అడిగినా, మారు మారే! "అడిగారు! మారు అడిగారు! అందరూ విన్నారుగా!" అని అరిచాను, స్వాముల మధ్య, చేతిలో గరిటెతో. మందుల స్వామి పెరుగు నోటితోనే, "ఇదేం న్యాయం స్వామీ, ముక్కల కోసం అడిగితే లెక్కలోకి వస్తదా?" అన్నాడు. పెదనాన్న ఆయన వైపు తిరిగి, "ముక్కలు దేంట్లో ఉన్నయ్యి స్వామీ? ఆ గొట్టాల్లోనేగా. మాలలో ఉండి మాటిచ్చా. కొట్టు మా పిల్లది" అన్నాడు. నేను మారు వడ్డించాను. దాన్నీ మెతుకు మిగల్చకుండా తిన్నాడు. నేను పెరట్లోకి పోయి గేదె ముందు గెంతులేశాను. తెలివంటే ఇదీ అని దానికి కూడా చెప్పాను.

కొట్టు పెట్టాను. శబరిమల వెళ్ళొచ్చి మాల తీసేసిన మర్నాడు పెదనాన్న పొద్దున్నే వచ్చి షట్టరు ముందు నిలబడ్డాడు. దీక్ష పొడుగునా లోపల దాచిపెట్టుకున్నదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. "ఏవే! మనుషులు తినే తిండేనా అది? నాలిక తెగి ఆకులో పడిందేమోనని ఎతుక్కున్నానే! కారం డబ్బా ఏదో తెలవని దానివి హోటలు పెడతావంటే..." ఇట్లా మొదలై చాలాసేపు నడిచింది. హైవే మీద ఒక లారీ, తనని ఆపమన్నారేమోనని బ్రేకు వేసింది. అంతా అయ్యాక బెంచీ మీద కూర్చుని, "ఏదీ, ఒక ప్లేటు పెట్టు. కారం చూసి ఏడువు" అన్నాడు. నా మొదటి బేరం అదే.

ఆ గోంగూర పాస్తా ఇప్పటికీ ఉంది. రాళ్ళ షెడ్డు కుర్రాళ్ళు దాన్ని 'స్వామి పాస్తా' అంటారు. కారం తగ్గించాను, టోఫూ పెంచాను, రుచి చూడకుండా దేన్నీ కొట్టు దాటనివ్వను. మందులాయన రోడ్డు అవతల కొట్టు పెట్టుకుని, మధ్యాహ్నాలు నా దగ్గరే తింటున్నాడు (పెరుగన్నం. ఆయన్ని నేనేమీ అనను). ఆ భిక్ష కథని నేను వచ్చినవాళ్ళందరికీ చెప్పేదాన్ని. ఓడిపోయిన ఆటని మాట పట్టుకుని ఎట్లా గెలిచానో, నా బుర్ర ఎంత చురుకో, చేతులు తిప్పుతూ చెప్పేదాన్ని.

మొన్నామధ్య కూడా చెబుతున్నాను. పెద్దమ్మ కొట్టులో కూర్చుని గోంగూర కట్టలు విడదీసి ఆకు తుంచుతోంది. మంటకి తట్టుకోలేక పెదనాన్న టోఫూ అడగడం దాకా వచ్చాను. పెద్దమ్మ తలెత్తకుండానే, "మంటకైతే పెరుగుందిగా" అంది.

"ఏం పెరుగు?"

"ఆయన గిన్నెడు పెరుగు. ఆకు పక్కనే, చేతికందేట్టు పెట్టాగా. ఆకులెత్తేటప్పుడు చూస్తే మీద మీగడ కూడా చెదరలేదు. ఆ రోజు పెరుగేసుకోకుండానే లేచాడు మనిషి. పెరుగేసుకుంటే భోజనం అయిపోయినట్టేగా, ఇంకేం మారడుగుతాడు?" అని ఇంకో కట్ట విప్పింది.

గడ్డపెరుగు లేనిదే భోజనం కాదనే మనిషి. నాలిక కాలిపోతుంటే, పక్కనే చల్లటి పెరుగు పెట్టుకుని, దాన్ని ముట్టకుండా, ఆ నిప్పునే మళ్ళీ వెయ్యమని అడిగాడు. దాన్నీ మెతుకు లేకుండా తిన్నాడు. ఇన్నేళ్ళుగా నేను గెలిచాననుకుంటున్నాను!

మధ్యాహ్నం ఎప్పట్లాగే ఆయన వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. ఇప్పుడు కాస్త నడుం వంగింది, గొంతు మాత్రం అట్లాగే ఉంది. "పెదనాన్నా, ఆ రోజు పెరుగు ఎందుకేసుకోలేదు?" అని అడిగాను. "ఏ రోజు? ఏం పెరుగు? నాకేం గుర్తు లేదు, పోయి ప్లేటు తీసకరా!" అని హైవే అంతా వినపడేట్టు అరిచాడు. మాలలో లేడు కదా, అబద్ధమాడొచ్చు.

ప్లేటు తెచ్చాను. "ఇంత ఎందుకే? తగ్గించు" అన్నాడు. ఎప్పుడూ అంతే అంటాడు. మొదటిసారి కొంచెమే పెట్టించుకుంటాడు, తర్వాత మారు అడుగుతాడు. వయసు మీద పడి ఒక్కసారిగా తినలేకపోతున్నాడనుకునేదాన్ని. నాకు తెలుసులే అనుకునేదాన్ని. పెరట్లో గేదె ముందు గెంతిన ఆ ఇరవై మూడేళ్ళ పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. ఆ పిల్ల ఆనందం పాడుచెయ్యడం నాకిష్టం లేదు, గెంతనీ. ప్లేటులోంచి సగం తీసేసి ఆయన ముందు పెట్టి, గరిటె చేత్తో పట్టుకుని పక్కనే నిలబడ్డాను, ఆయన మారు అడిగేదాకా.